క్రైస్తవ సంఘం మరో కొలబద్ద కాకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. యువతరం గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలనూ, పాఠకుల లేఖలనూ ఏళ్ల తరబడి శ్రద్ధగా చదువుతున్నాను. పిల్లలు దారి తప్పుతున్నారన్న బెంగ, అందుకు ఫోనే కారణమన్న నింద, మా కాలంలో ఇలా లేదన్న నిట్టూర్పు వాటిలో తరచుగా కనిపిస్తాయి. ఆ బెంగలో నిజం లేదని నేననను. అయితే ఇరవై రెండేళ్లుగా సండే స్కూల్లోనూ, యౌవనస్థుల సహవాసంలోనూ పాఠాలు చెబుతున్న క్రైస్తవుడిగా నాకు తోచిన ఒక సంగతిని మీ పాఠకుల ముందు ఉంచాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను. క్రైస్తవులు కాని పాఠకులు కూడా దీన్ని ఓపికగా చదవాలని నా మనవి. ఎదిగే పిల్లలు అందరి ఇళ్లలోనూ ఉన్నారు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా తరగతి గది గోడమీద చాలాకాలం ఒక పట్టిక ఉండేది. ఎడమ పక్కన పిల్లల పేర్లు, పైన ఆదివారాల తేదీలు. తరగతికి వచ్చినవారి గడిలో ఒక నక్షత్రం స్టిక్కరు, కంఠత పట్టిన బైబిలు వాక్యం తప్పులేకుండా అప్పజెప్పినవారికి ఇంకొకటి. పిల్లలు పోటీపడి వాక్యాలు నేర్చుకుంటుంటే చూసి మురిసిపోయేవాణ్ణి. ఒకసారి పదిహేడేళ్ల అబ్బాయి ఒకడు వరుసగా ఐదు ఆదివారాలు రాలేదు. పరీక్ష తప్పాడని ఎవరో చెప్పగా వాళ్లింటికి వెళ్లాను. మంచం అంచున కూర్చుని, దిండు గలేబు కొసను వేలికి చుట్టుకుంటూ, మళ్లీ విప్పుకుంటూ చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోయాడు. "ఎందుకు రావడం లేదు నాన్నా" అని అడిగితే, తల ఎత్తకుండానే, "అక్కడ కూడా నా పేరు పక్కన ఖాళీ గళ్లే కదా అంకుల్" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. నేను వెళ్లింది వాడి కోసమా, ఆ ఖాళీ గళ్ల కోసమా అన్న ప్రశ్న దారి పొడవునా నన్ను వదల్లేదు. మరుసటి ఆదివారం ఆ పట్టికను తీసేశాను. జిగురు మచ్చలు మాత్రం గోడమీద ఇప్పటికీ ఉన్నాయి.

ఆ అబ్బాయి మాటతో నాకొక సంగతి అర్థమైంది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 15 నుంచి 24 ఏళ్ల వయసువారు ప్రపంచంలో దాదాపు 120 కోట్ల మంది ఉన్నారు. ఆఫ్రికా ఖండపు జనాభాలో సగం మందికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ఐరోపాలో సగం మంది నలభై దాటినవారు. వీళ్లందరినీ "యువత" అన్న ఒక్క మాటతో చుట్టబెట్టి మాట్లాడటం సులువే గానీ, వాళ్ల బతుకులు ఒకదానికొకటి పోలిక లేనంత దూరంలో ఉన్నాయి. అయినా ప్రతి సంస్కృతీ తన పిల్లల పక్కన ఏదో ఒక కొలబద్దను నిలబెడుతూనే ఉంది. ఒకచోట అది మార్కులు, ఒకచోట ఇంటి పరువు, ఒకచోట శరీర సౌందర్యం, మరొకచోట ఎంతమంది తనను చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు అనే లెక్క.

దక్షిణ కొరియాలో ఏటా నవంబరులో జరిగే కళాశాల ప్రవేశ పరీక్షనాడు రోడ్లమీద రద్దీ ఉండకూడదని కార్యాలయాలు ఆలస్యంగా తెరుస్తారు; ఇంగ్లీషు వినికిడి భాగం జరుగుతున్నంతసేపు విమానాలు దిగవు, ఎగరవు. ఒక దేశం తన పిల్లల చదువుమీద అంత శ్రద్ధ పెట్టడం గొప్పగానే కనిపిస్తుంది. అయితే ఆకాశం కూడా తన కోసం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఆ హాలులో కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్ల గుండెమీద ఎంత బరువు ఉంటుందో ఆలోచించండి. ఆ రోజు అక్కడి చర్చిలు ప్రార్థించే తల్లులతో నిండిపోతాయి. ఇంకోవైపు బ్రిటన్‌లో సమస్య దీనికి తలకిందులుగా ఉంది. ఒంటరితనం అనే బాధను చూసుకోవడానికే అక్కడి ప్రభుత్వం 2018లో ఒక మంత్రికి బాధ్యత అప్పగించింది. ఒకచోట పిల్లలు ఇంటివారి ఆశల కింద నలిగిపోతుంటే, మరొకచోట తమమీద ఎవరికీ ఏ ఆశా లేదన్న శూన్యంలో తిరుగుతున్నారు. 15 నుంచి 29 ఏళ్ల వయసులో సంభవించే మరణాలకు కారణాల్లో ఆత్మహత్య మూడో స్థానంలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్కలు చెబుతున్నాయి. కాబట్టి ఇది తీరిక వేళల్లో చేసే చర్చ కాదు.

ఇక్కడ క్రైస్తవ విశ్వాసం చెప్పే మాట ఏమిటి? నాకు తెలిసినంతలో ఆ మాట యొర్దాను నది ఒడ్డున వినిపించింది. యేసు బాప్తిస్మం పొంది నీళ్లలోనుంచి ఒడ్డుకు వచ్చినప్పుడు, "నీవు నా ప్రియ కుమారుడవు, నీయందు నేనానందించుచున్నాను" అని ఆకాశం నుంచి ఒక శబ్దం వినిపించిందని బైబిల్లోని మార్కు సువార్త చెబుతుంది. మార్కు చెప్పిన వరుసను గమనించాలి. అప్పటికి ఆయన ఒక్క రోగిని బాగు చేసినట్టు గానీ, ఒక్క ప్రసంగం చేసినట్టు గానీ, ఒక్క శిష్యుణ్ణి పిలిచినట్టు గానీ మార్కు రాయలేదు. తండ్రి ఆనందం పనికి ముందే వచ్చింది. ఆ తర్వాతే అరణ్యం, నలభై రోజుల శోధన, సేవ, సిలువ. లోకం మొత్తం ముందు సాధించమని, ఆ తర్వాతే ప్రేమిస్తామని పిల్లలకు చెబుతుంటే, సువార్త ఆ వరుసను తిరగేసింది.

ఇలా చెబితే పిల్లలు గారాబంతో పాడైపోరా అని మా సంఘంలోనే పెద్దలు నన్ను అడిగారు. వారి అనుమానం న్యాయమైనదే. జవాబు అదే సువార్త పదో అధ్యాయంలో ఉంది. ఆస్తిపరుడైన ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి, నిత్యజీవానికి ఏం చేయాలని అడుగుతాడు. అతడు యౌవనుడని మత్తయి చెబుతాడు. ఆజ్ఞలన్నీ చిన్నప్పటినుంచి పాటిస్తున్నానని, అంటే తన పట్టికలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదని అతడు చెప్పుకున్నాడు. అప్పుడు "యేసు అతని చూచి అతని ప్రేమించి" అని రాసి ఉంది. ఆ తర్వాతే ఆయన, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి తన వెంట రమ్మన్నాడు. అంతకంటే కఠినమైన మాట ఇంకేముంటుంది? ఆ యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు వెంటపడి మాట తగ్గించలేదు, వెళ్లిపోయినందుకు శపించనూ లేదు. ప్రేమించినవాడికే కఠినమైన మాట చెప్పే అధికారం ఉంటుందని ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకనిపిస్తుంది. మనలో చాలామందిమి ఆ "చూచి ప్రేమించి" అన్న భాగాన్ని దాటేసి, నేరుగా ఉపదేశంలోకి దిగుతున్నాం.

ఆ దాటవేయకపోవడం ఎలా ఉంటుందో చూపించే సంఘటన ఒకటి 1931 చివర్లో బెర్లిన్‌లో జరిగింది. జర్మనీకి చెందిన దైవశాస్త్ర పండితుడు డీట్రిష్ బోన్‌హోఫర్ అప్పటికి పాతికేళ్ల యువకుడు. సంపన్నుల ఇంట పుట్టి, పెద్ద చదువులు చదివి, అంతకు ముందు ఏడాది న్యూయార్క్‌లో ఉన్నప్పుడు హార్లెమ్‌లోని నల్లజాతివారి అబిసీనియన్ బాప్టిస్టు చర్చిలో సండే స్కూల్ పాఠాలు చెప్పి వచ్చాడు. బెర్లిన్‌లో ఆయనకు అప్పజెప్పింది కార్మికవాడకు చెందిన దాదాపు యాభై మంది మగపిల్లల కన్ఫర్మేషన్ తరగతి, అంటే పిల్లలు తమ విశ్వాసాన్ని సంఘం ముందు తామే ఒప్పుకునే వేడుకకు సిద్ధం చేసే తరగతి. వాళ్లను అదుపు చేయలేక అలసిపోయిన ముసలి పాదిరి ఆయన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కుతుంటే, పిల్లలు పైనుంచి చెత్త విసిరారు. గదిలో గోల. బోన్‌హోఫర్ గదమాయించలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని గోడకు ఆనుకుని చాలాసేపు మౌనంగా నిలబడ్డాడు. తర్వాత ముందు వరుసలో ఉన్నవాళ్లకు మాత్రమే వినబడేంత చిన్న గొంతుతో హార్లెమ్ పిల్లల కథ మొదలుపెట్టాడు. వెనక ఉన్నవాళ్లకు వినబడకపోవడంతో వాళ్లే ఒకరినొకరు గదిమి గోల ఆపించారు. శ్రద్ధగా వింటే వచ్చేసారి ఇంకొంత చెబుతానన్నాడు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. కొద్ది నెలలకు ఆయన ఆ పేదవాడలోనే ఒక గది అద్దెకు తీసుకుని, తాను లేకపోయినా పిల్లలు వస్తే లోపలికి రానివ్వమని ఇంటి యజమానురాలికి చెప్పిపెట్టాడు. కన్ఫర్మేషన్ రోజున వేసుకోవడానికి మంచి బట్టల్లేని పిల్లల కోసం ఒక పెద్ద తాను కొని, ఒక్కొక్కరికి సూటుకు సరిపడా గుడ్డ కత్తిరించి ఇచ్చాడు. హార్లెమ్ నల్లపిల్లల నుంచి నేర్చుకున్నది బెర్లిన్ కార్మికుల పిల్లల దగ్గర పనికొచ్చింది. భాష వేరు, రంగు వేరు, దేశం వేరు. రెండుచోట్లా ఆయన చేసింది ఒక్కటే, వాళ్లు ఉన్నచోటికి వెళ్లి కూర్చోవడం. నాజీలను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరితీశారని చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆ ధైర్యానికి పునాది ఆ అద్దె గదిలోనే పడిందనిపిస్తుంది.

సంస్కృతుల మాటకొస్తే, ఆదిమ క్రైస్తవ సంఘం ఎదుర్కొన్న మొట్టమొదటి పెద్ద తగాదా కూడా అదే. యూదులు కాని విశ్వాసులు ముందు యూదుల ఆచారాలు పాటించి తీరాలా అన్న ప్రశ్నమీద యెరూషలేములో పెద్దలు కూడి, దేవునివైపు తిరుగుతున్నవారిని కష్టపెట్టకూడదని తీర్మానించినట్టు అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయం చెబుతుంది. ఆ తీర్మానాన్ని మనం పరదేశుల విషయంలో గౌరవిస్తాం గానీ, మన పిల్లల విషయంలో మర్చిపోతాం. వాళ్ల పాటల శైలి, వాళ్ల మాట తీరు, వాళ్ల జుట్టు, వాళ్ల ప్రశ్నలు మనకు అలవాటైనవి కావు కాబట్టి భక్తి కూడా లేదనుకుంటాం. మన తరం అలవాట్లను సువార్తతో కలిపి ముద్దగా చేసి వాళ్ల నోట్లో పెట్టాలని చూస్తాం. వాళ్లు ఉమ్మేసినప్పుడు ఏది ఉమ్మేశారో కూడా విడదీసి చూడం.

అలాగని సంస్కృతి ఏది చెప్పినా తలూపమని బైబిలు ఎక్కడా చెప్పలేదు. దానియేలునూ అతని ముగ్గురు స్నేహితులనూ బబులోనుకు చెరపట్టుకుపోయినప్పుడు వాళ్లు కల్దీయుల భాష నేర్చుకున్నారు, విద్య నేర్చుకున్నారు, బెల్తెషాజరు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అని మార్చిన పేర్లకు కూడా పలికారు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగారు. ఏది నేర్చుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ఆ వివేకం నలుగురు కుర్రాళ్లకు చెరలోకి రాకముందే ఇంట్లో అబ్బి ఉండాలి. ఈ రోజుల్లో చదువుల కోసం, బతుకుతెరువు కోసం దేశాలు దాటుతున్న ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఇదే పరీక్ష. వాళ్లకు ఏం తినకూడదో, ఏం కట్టకూడదో చెప్పే జాబితాలు ఇచ్చి పంపుతాం. ఎక్కడ ఆగాలో తామే తేల్చుకునే మనసు మాత్రం జాబితాతో రాదు.

సొంత నేలమీద ఉంటూనే ఎక్కడ ఆగాలో తేల్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఉగాండాలో రాజు మువాంగా కొలువులో పనిచేసే యువ సేవకులు కొత్తగా నమ్మిన విశ్వాసాన్ని విడిచిపెట్టడానికి ఒప్పుకోలేదు. 1886 జూన్ 3న నముగోంగోలో వాళ్లలో చాలామందిని సజీవంగా దహనం చేశారు. కిజిటో అనే పిల్లవాడికి పద్నాలుగేళ్లే. ఆ మంటల్లో కథోలికులు, ఆంగ్లికన్లు పక్కపక్కనే చనిపోయారు. మిషనరీలు ఆ దేశంలో అడుగుపెట్టి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. క్రైస్తవం పరాయివాళ్లు రుద్దిన పై పూత అని తేలిగ్గా అనేవారు ఆ పిల్లల గురించి ఒకసారి ఆలోచించాలి. మిషనరీలను కాదు, ఆ పిల్లలనే ఉగాండా ప్రజలు ఈనాటికీ తమవాళ్లుగా తలుచుకుంటారు.

వలస కుటుంబాల పిల్లల సంగతి ఇంకా చిక్కైనది. అమెరికాలోని కొరియన్ చర్చిల్లో పెరిగిన రెండో తరం పిల్లలు పెద్దయ్యాక చప్పుడు లేకుండా సంఘాన్ని విడిచిపోవడాన్ని 1990లలో అక్కడివారు "మౌన నిష్క్రమణ" అని పిలిచారు. తల్లిదండ్రుల భాషలో ఆరాధన, పిల్లల భాషలో బతుకు. రెండింటి మధ్య వంతెన కట్టడానికి ఎవరికీ తీరిక లేదు. బైబిల్లో అపొస్తలుడైన పౌలుకు శిష్యుడైన తిమోతి కూడా అలాంటి పిల్లవాడే. తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. అతని విశ్వాసం అమ్మమ్మ లోయి దగ్గర, తల్లి యునీకే దగ్గర మొదలైందని పౌలు పేరుపేరునా రాశాడు. "నీ యౌవనమునుబట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము" అన్న ధైర్యవచనం రాసింది అతనికే. ఆ వాక్యాన్ని మేము యూత్ మీటింగుల్లో బ్యానర్లమీద రాయిస్తాం. మీటింగులో ఎవరు మాట్లాడాలో నిర్ణయించేది మాత్రం అరవై దాటినవాళ్లం.

ఇందుకు భిన్నంగా జరిగే చోట్లు లేకపోలేదు. ఫిన్లాండ్‌లో పదిహేనేళ్ల పిల్లల్లో అత్యధికులు, తల్లిదండ్రులు చర్చికి వెళ్లేవారైనా కాకపోయినా, కన్ఫర్మేషన్ శిబిరానికి వెళతారు. అక్కడ పాఠం చెప్పే పాదిరితోపాటు, తమకంటే ఏడాదో రెండేళ్లో పెద్దవాళ్లయిన పిల్లలు సహాయకులుగా వాళ్లతోనే ఉండి, ఆడుతూ, ప్రార్థన నడిపిస్తారు. శిబిరం అయ్యాక చాలామంది ఆదివారాలు కనబడరన్నదీ నిజమే. ఫ్రాన్స్‌లోని తేజే గ్రామానికి వేసవిలో వారానికి వేలమంది యువకులు నానా దేశాల నుంచి వస్తారు. 1940లో సహోదరుడు రోజే ఒంటరిగా వచ్చి మొదలుపెట్టిన ఆ మఠంలో పెద్ద హంగులేమీ లేవు. పలు భాషల్లో రెండు మూడు వాక్యాల చిన్న పాటలు మళ్లీ మళ్లీ పాడతారు. ప్రతి ప్రార్థనలోనూ కొన్ని నిమిషాల పూర్తి మౌనం ఉంటుంది. పిల్లలకు డ్రమ్ములూ, రంగుల దీపాలూ లేకపోతే కుదరదని నమ్మే మాబోటివారు ఆ మౌనాన్ని తలుచుకోవాలి.

2025 సెప్టెంబరు 7న పోప్ లియో కార్లో అకుటిస్‌ను పునీతుడిగా ప్రకటించినప్పటి నుంచి ఆ అబ్బాయి బొమ్మ ఎన్నో చర్చిల్లో కనిపిస్తోంది. 1991లో పుట్టి, పదిహేనేళ్లకే రక్త క్యాన్సర్‌తో 2006లో మరణించిన ఇటలీ పిల్లవాడు; కంప్యూటర్‌తో వెబ్‌సైటు తయారుచేసి విశ్వాసం గురించి చెప్పాడు. నేను కథోలికుణ్ణి కాకపోయినా అతని పేరు వింటే సంతోషిస్తాను. ఒకటే భయం. ఆ బొమ్మ చూపించి, "చూడు, నీ వయసేగా, నువ్వేం చేస్తున్నావు" అని మన పిల్లల్ని అడగడం మొదలుపెడితే, పాత పట్టికనే కొత్త గోడకు తగిలించినట్టవుతుంది.

సంఘాలు మాట్లాడటానికి ఇష్టపడని సంగతి కూడా చెప్పకుండా దాటలేను. పిల్లలను లైంగికంగా వేధించి వాళ్ల నమ్మకాన్ని వమ్ము చేసినవాళ్లలో మతగురువులు ఉన్నారు. వాళ్లను కాపాడినవాళ్లలో మతపెద్దలు ఉన్నారు. 2018లో యువజనుల గురించి రోమ్‌లో జరిగిన బిషప్పుల సమావేశం తర్వాత పోప్ ఫ్రాన్సిస్ 2019లో రాసిన ఉపదేశ పత్రంలో ఈ దారుణాన్ని సూటిగా ప్రస్తావించారు. యువత రేపటివారే కాదు, ఈనాటివారే అన్న మాటా అందులోనే ఉంది. గాయపడ్డ పిల్లలు మళ్లీ మన గడప తొక్కకపోతే, వాళ్ల భక్తిని శంకించే హక్కు మనకు లేదు.

తల్లిదండ్రులకు లోబడమని పిల్లలకు చెప్పిన, ఎఫెసీ సంఘానికి రాసిన బైబిలు లేఖే, మూడు వాక్యాలు తిరగకముందే "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని పెద్దలను హెచ్చరించింది. మొదటి వాక్యం నేను లెక్కలేనన్నిసార్లు బోధించాను. రెండోది బోధించిన ఆదివారాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

సంపాదకులకు నా విన్నపం ఇది. యువత గురించి నాలాంటివాళ్లు రాసే లేఖలు మీకు కొదవ ఉండదు. వారానికి ఒక్కరోజైనా ఈ పుటలో కొంత జాగా పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లకే విడిచిపెట్టండి. వాళ్ల భాష దిద్దకుండా, వాళ్ల ప్రశ్నకు పక్కనే పెద్దల జవాబు అచ్చువేయకుండా, వాళ్లు చెప్పదలచుకున్నది చెప్పనివ్వండి. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడుగుతుంటే వాళ్లు ఆయన్ని బయటికి పంపలేదు, విన్నారు.

నేను మొదట్లో చెప్పిన అబ్బాయి ఇప్పటికీ ప్రతి ఆదివారం రాడు. ఎప్పుడైనా రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేస్తాడు. పోయిన నెల చేసినప్పుడు, మీ పత్రికకు తానే ఒక ఉత్తరం రాస్తే వేస్తారా అని అడిగాడు. అడిగి చెబుతానన్నాను.

భవదీయుడు,
ఒక సండే స్కూల్ ఉపాధ్యాయుడు